లేసరు కాంతి - చర్మము, దంతములు



నేను వైద్యుడను కాను. ముప్పది నాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్నతనమున మా పెదతండ్రిగారి యొద్ద అమరము, పంచకావ్యములు, కొంత వ్యాకరణము చదువుకొంటిని. అట్టివాడు లేసరు కిరణములను గూర్చి ప్రసంగింపనేల యని మీకు తోచవచ్చును. కారణము మనవి చేసెదను.

మా యూరి రచ్చబండ కడ సాయంకాలము కూడు పెద్దలలో ఈ రెండు మూడేండ్లుగా ఒక మాట తఱచుగా వినవచ్చుచున్నది: "పట్నంలో లేసరు పెట్టించారట" అని. ఒకరి మనుమరాలికి మొగముపై నూగు తీయించుటకు, ఒకరి కోడలికి మంగు పోగొట్టుటకు, మఱియొకరికి పిప్పిపన్ను బాగుచేయుటకు, అన్నిటికిని అదే పేరు. వినువారిలో సగముమంది దానిని మంత్రదండమని నమ్ముచున్నారు. తక్కినవారు అది సోకినచో పుట్టకురుపు పుట్టునని భయపడుచున్నారు. రెండును సరికావు. ఈ విషయమున మా యింటనే యొక పొరపాటు జరిగినది. నా బాల్యమిత్రునికి ఒక గండము తప్పినది. నాటినుండి నేను పట్టుబట్టి దీనిని గూర్చి చదివితిని; నా యొద్ద చదివి నేడు చర్మవైద్యుడైయున్న యొక శిష్యుని విసిగించి యడిగి తెలిసికొంటిని. తెలిసిన దానిని మాత్రమే చెప్పెదను.

లేసరు అను మాట ఆంగ్లమున కొన్ని పదముల తొలి యక్షరములను కూర్చి కట్టిన పేరు. ఉత్తేజితములైన పరమాణువులచేత ఒకే విధమైన కాంతిని వెలువరింపజేసి దానిని పెంపొందించుట యని దాని తాత్పర్యము. ఇట్లు జరుగుటకు వలసిన మూలసూత్రమును 1917లో ఐన్‌స్టీను గణితముచే చెప్పెను. అటుపిమ్మట నలువది మూడేండ్లకు, 1960 మే 16వ తేదీన, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మాలిబూలో థియొడోర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు దానిని చేసి చూపెను. ఆయన వాడిన వస్తువేమందురా? కెంపు. కృత్రిమముగా చేసిన చిన్న కెంపుకడ్డీ చుట్టును, ఛాయాచిత్రములు తీయువారు వాడు మెఱుపుదీపమును పాము చుట్టవలె అమర్చి వెలిగింపగా, కడ్డీ కొననుండి యెఱ్ఱని కిరణము వెడలినది. కెంపు జాతి రాతికి మన గ్రంథములలో కురువిందమని పేరు. ఆంగ్లేయులు ఆ జాతి రాతిని కోరండమ్ అందురు. ఆ మాట మన దక్షిణదేశ భాషలనుండి వారికి పోయినదే. సూర్యకాంతశిల ఎండ సోకగానే నిప్పు గ్రక్కునని కవులు వర్ణింపగా చదివి, పిల్లలకు చెప్పి, అది కవిసమయమేకదా యని నవ్వుకొన్నవాడను నేను. రాయి నిప్పు గ్రక్కుట నిజముగా జరిగినదని తెలిసిననాడు కొంత సిగ్గుపడితిని.

మామూలు దీపపు వెలుగునకును దీనికిని భేదమేమి? తిరునాళ్ళలో జనమును చూడుడు. ఒకడు తూర్పునకు, ఒకడు పడమటికి, ఒకడు వేగముగ, ఒకడు నింపాదిగ నడచుచుండును. దీపపు వెలుగు అట్టిది; అందు అన్ని రంగులు కలిసియుండును, అన్ని వైపులకు పోవుచుండును. లేసరు కాంతి కోలాటపు జట్టు వంటిది. అందఱిదియు నొకే యడుగు, ఒకే తాళము, ఒకే దిక్కు, ఒకే రంగు. అందుచేత ఆ శక్తి చెదరక ఆవగింజంత తావున పడును. చర్మమునకు, దంతములకు వాడు లేసరులలో చాలవఱకు కంటికి కనబడు వెలుగో, దానికంటె దీర్ఘమైన తరంగములు గల వెలుగో యగును. ఎక్స్‌రే కిరణముల వంటివి కావు. కనుక పుట్టకురుపు భయము వానికి పెట్టుకొననక్కఱలేదు. భయపడవలసినది వేఱొకటి కలదు. అది కాలుట.

అవును, ఎంత శాస్త్రము చేరినను ఇది నిప్పే. నిప్పుతో చికిత్స మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహితలో సూత్రస్థానమున అగ్నికర్మకు ఒక అధ్యాయమే కలదు. అందు కాలుటలో నాలుగు తరగతులు చెప్పబడినవి: ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము. రంగు మాఱి కమిలినది మొదటిది. బొబ్బలెక్కి మంటపుట్టి చిరకాలమునకు మానునది రెండవది. కావలసినంత లోతున కావలసినంత కాలినది మూడవది. మాంసము వ్రేలాడి, సిరలు, స్నాయువులు చెడినది నాల్గవది. వైద్యుడు కోరి చేయునది మూడవది యొక్కటే. తక్కిన మూడును ప్రమాదములు. నా శిష్యునికి ఈ మాట చెప్పినప్పుడు అతడు, "మాస్టారూ, మా శాస్త్రమంతా ఆ మూడవదాన్ని పట్టుకోవడానికేనండీ" యనెను.

దానిని పట్టుకొను మార్గమును బోస్టను నగరమున ఆండర్సన్, పారిష్ అను నిద్దఱు చర్మవైద్యులు 1983లో స్పష్టముగ ప్రకటించిరి. అంతకుముందును చర్మముపై లేసరు వాడకపోలేదు. సిన్సినాటీ నగరవాసియైన లియన్ గోల్డ్‌మన్ అను వైద్యుడు 1960 తరువాతి తొలి సంవత్సరములలోనే పుట్టుమచ్చలపై, పచ్చబొట్లపై దానిని పరీక్షించెను. కాని కావలసినదానితోపాటు ప్రక్కనున్నదియు కాలుచుండెను. ఆండర్సన్, పారిష్‌లు చెప్పిన కిటుకు రెండు మాటలలో ఇమిడియున్నది: రంగు, క్షణము.

మొదట రంగు. ఎండలో నల్లకంబళి కప్పుకొన్నవాడును, తెల్లపంచ కట్టినవాడును నిలిచినచో ఎవనికి ముందు ఒడలు వేడెక్కునో మీకు తెలియును. మన చర్మమున కాంతిని త్రాగు వస్తువులు ముఖ్యముగా మూడు: నెత్తురులోని యెఱుపు, చర్మమునకు నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థము, నీరు. కాంతి తరంగములను నానోమీటరులలో కొలుతురు. మీటరులో నూఱుకోట్లవ భాగము ఒక నానోమీటరు. మైమన్ కెంపు వెలుగు 694 నానోమీటరులది. దానిని నెత్తురు అంతగా పట్టించుకొనదు, నలుపు త్రాగును. 585, 595 నానోమీటరుల పసుపువన్నె వెలుగును నెత్తురు త్రాగును. కనుక కొందఱు శిశువులకు పుట్టుకతో మొగముపై వచ్చు ఎఱ్ఱని మచ్చలకు దానిని వాడుదురు. 10,600 నానోమీటరుల వెలుగు కంటికి కనబడదు. దానిని నీరు త్రాగును. ఒడలంతయు నీటిమయము గనుక అది ఎచట పడిన నచటి పైపొరను ఆవిరి చేయును. పులిపిరులను, కాయలను తీయుటకు అది పనికివచ్చును. కార్బన్ డయాక్సైడు వాయువునుండి ఈ వెలుగును 1964లో పుట్టించినవాడు కుమార్ పటేల్. మన దేశమున బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసినవాడు.

ఇక క్షణము. దేవాలయమున హారతి కద్దుకొనునపుడు అరచేతిని జ్వాలమీదుగా చప్పున త్రిప్పి కన్నుల కద్దుకొందుము. చేయి కాలదు. అక్కడనే యుంచిన కాలును. ఇది ఒక భాగము. రెండవ భాగమును మన యాడువా రెఱుగుదురు: చెంబెడు కాగిన నీరు శీఘ్రముగ చల్లారును, గంగాళము నీరు చాలసేపు వేడిగ నుండును. చర్మములోని నలుపు రేణువు మిక్కిలి చిన్న చెంబు; అది సెకండులో పదిలక్షలవ వంతు కంటె తక్కువ కాలములో చల్లారును. వెండ్రుక కుదురు పెద్దపాత్ర. దానికి సెకండులో నూఱవవంతు మొదలు పదవవంతు వఱకు పట్టవచ్చును. ఏ వస్తువును కాల్చగోరుదుమో అది చల్లారుటకు పట్టు కాలముకంటె తక్కువ కాలములో కిరణమును విసరి ఆపివేసినచో, వేడి ప్రక్కలకు ప్రాకకమునుపే పని ముగియును. రంగు తగినది కావలయును, క్షణము తగినది కావలయును. ఈ రెండింటిలో ఏది తప్పినను దుర్దగ్ధమే.

మనవారి విషయమున తప్పుచున్నది తఱచుగా మొదటిదే. అమెరికాలో ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు 1975లో మనుష్యుల చర్మమును, ఎండకు అది కమలు తీరునుబట్టి తరగతులుగ విభజించెను. నేడవి ఆఱు. మన దేశస్థులలో ఎక్కువమంది నాలుగు, ఐదు, ఆఱు తరగతులవారు. తెల్లని చర్మమున వెండ్రుక కుదురొక్కటే నల్లగ నుండును. కిరణము సరాసరి దానియొద్దకే పోవును. మన చర్మమున పైపొర యంతయు నలుపే. లోపలి యజమానికి పంపిన వస్తువును వాకిటి కావలివాడే లాగికొన్నట్లు, వెండ్రుకకు పంపిన వేడిని పైపొరయే త్రాగివేయును. అప్పుడు బొబ్బ, దాని వెనుక నల్లమచ్చ, ఒక్కొకప్పుడు తెల్లమచ్చ. ఇందుకు మార్గము లేకపోలేదు. 1064 నానోమీటరుల దీర్ఘమైన కాంతిని వాడినచో నలుపు దానిని తక్కువగ త్రాగును, కిరణము లోతునకు పోవును. పైపొరను చల్లబఱచుచుండవలయును. కొలత తగ్గించి, చెవి వెనుకనో దవడ క్రిందనో చిన్నచోట ముందుగ పరీక్షించి, కొన్ని దినములు వేచి చూడవలయును.

మా అన్నగారి మనుమరాలికి ఇవియేవియు చేయలేదు. వైశాఖమున పెండ్లి. చైత్రమాసపు చివర దగ్గఱి పట్టణమున ఒక సౌందర్యశాలకు పోయి బుగ్గలపై నూగు తీయించుకొన్నది. అంతకుముందు పదునైదు దినములు శుభలేఖలు పంచుటకై ఎండలో ఊరూర తిరిగినది. ఆ సౌందర్యశాలలో వైద్యుడు లేడు. యంత్రము నడిపిన పిల్ల ఎక్కడనో వారము దినములు నేర్చుకొని వచ్చినదట. ఇంటికి వచ్చునప్పటికే మొగము మండుచుండెను. మఱునాటికి రెండు బుగ్గలపై బిళ్ళలు అంటించినట్లు వరుసగా కమిలిన మచ్చలు. మంగళస్నానమునాడు పసుపు పూయుటకు ముత్తైదువలు వెనుకాడిరి. పెండ్లి జరిగినది గాని ఆ పిల్ల తలయెత్తి ఎవరిని చూడలేదు. మచ్చలు పూర్తిగ పోవుటకు ఎనిమిది మాసములు పట్టినది. నా శిష్యుడు ఆమెను పరీక్షించి, "యంత్రం మంచిదే కావచ్చు మాస్టారూ. అమ్మాయిది ఏ రంగు, ఎన్నాళ్ళు ఎండలో తిరిగింది అని ఒక్కరూ అడగలేదు" అనెను. ఎండకు కమిలిన చర్మముపై, కమిలినది తగ్గువఱకు, లేసరు పెట్టరాదని వారి నియమమట. అగ్నికర్మను శరద్గ్రీష్మములలో, ప్రాణాపాయమైన తప్ప, చేయరాదని సుశ్రుతుడు చెప్పిన సంగతి నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ముందు వచ్చియుండిన బాగుండెడిది. ఇంటి పెద్దనై యుండి నేనైన అడుగలేదు.

వెండ్రుకలను గూర్చియే యింకొక మాట. ఒక్క పర్యాయమున పోవునని చెప్పువారిని నమ్మవలదు. వెండ్రుక పెరుగుచున్న దశలోనే కుదురు వేడికి లొంగును. అన్నియు ఒకేసారి పెరుగవు. కనుక నాలుగు మొదలు ఎనిమిది వారముల యెడముతో పలుమారులు చేయవలయును. చేసినను తగ్గుట యుండును గాని బొత్తిగ పోవుట అరుదు. ఆడుపిల్లకు గడ్డమున వెండ్రుకలు హఠాత్తుగ పెరిగి, నెలసరి తప్పుచున్నచో అది లోపలి గ్రంథుల వికారమేమో ముందు పరీక్షింపవలయును. నలుపు లేని వెండ్రుకను ఆ కాంతి గుర్తింపనే గుర్తింపదు. కనుక మనబోటి నెఱసినవారు నిశ్చింతగ నుండవచ్చును.

పచ్చబొట్టు పోగొట్టుటకు ఈ కాంతి బాగుగ పనికివచ్చును. సెకండులో నూఱుకోట్లవ వంతులతో కొలువదగిన స్వల్పకాలమున కిరణము తాకగానే రంగు రేణువులు పగిలి పొడియగును. నెత్తురులోనుండి వచ్చిన కణములు ఆ పొడిని మెల్లగ మోసికొనిపోవును. నల్లని మసితో పొడిపించుకొన్న పాతకాలపు పచ్చబొట్టు తేలికగ లొంగును. ఆకుపచ్చ, పసుపు రంగులు మొండివి. మా యూరి యువకుడొకడు సైన్యమున చేరగోరి, ముంజేతిపై వ్రాయించుకొన్న యొక పేరును ఆఱు పర్యాయములు కాల్పించుకొనెను. ఆ పేరు ఎవరిదో ఊరందఱికి తెలియును. ఆ పిల్లకు వేఱొకచోట పెండ్లియై నాలుగేండ్లైనది. చేతిమీద నింకను లీలగ కనబడుచునే యున్నది.

మంగు విషయమున తొందరపడవలదు. లేసరుచే కొన్ని దినములు తగ్గినట్లుండి మరల వచ్చుట కద్దు, మునుపటికంటె ముదురుట కద్దు. ఎండ తగులకుండ చూచుకొనుట, పూత మందులు ముందు, లేసరు చివరిమాట. బొల్లికి మాత్రము 308 నానోమీటరుల అతినీలలోహిత కాంతి కొందఱికి మేలు చేయును, ముఖ్యముగా మొగముపై. వారమునకు రెండుసారుల చొప్పున నెలల తరబడి చేయవలయును. మన వైద్యులు బావంచాలు పూసి ఎండలో కూర్చుండబెట్టినది ఈ దారిలోని తొలి యడుగే. ఐనను బావంచాలతో చర్మము కాల్చుకొన్నవారును కలరు, సొంతవైద్యము వలదు.

ఏ లేసరు పెట్టుచున్నను రోగికిని, వైద్యునికిని ఆ కాంతికి తగిన కండ్లద్దములుండి తీరవలయును. 1064 నానోమీటరుల కిరణము కంటికి కనబడకయే కంటిలోపలి తెరను కాల్చివేయగలదు. కండ్లద్దములు పెట్టకుండ పని మొదలిడువాని యెదుటనుండి లేచి వచ్చుట మంచిది.

ఇక దంతములు. గోల్డ్‌మన్ పేరు పైన చెప్పితిని. ఆయన సోదరుడు బెర్నార్డ్ దంతవైద్యుడు. 1965లో గోల్డ్‌మన్ తన సోదరుని పంటిపైననే కెంపు కిరణమును రెండుసారులు ప్రయోగించెను. బాధ కలుగలేదట, పంటి పైభాగమున స్వల్పముగ చెడినదట. ఇంటివానినే పరీక్షకు కూర్చుండబెట్టిన ఆ ధైర్యమును మెచ్చవలయునో కోపపడవలయునో నేనిప్పటికిని తేల్చుకొనలేదు. కాని కెంపు కాంతి పంటికి తగినది కాదు. పన్ను తెల్లనిది, దానిని కోయదగినంత బలముగ ప్రయోగించినచో పగుళ్ళు వచ్చును, లోపల వేడెక్కును. తగిన రంగు దొఱకుటకు చాలకాలము పట్టినది.

పంటి నిర్మాణము నెఱిగిన గాని ఇది బోధపడదు. పైన పింగాణి వంటి పొర. తూకమున దానిలో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. దాని క్రింద డెంటిన్ అను మెత్తని పొర. అందు పదవవంతు నీరు. అన్నిటికంటె లోపల నరము, నెత్తురు గల గుజ్జు. పంటికి ప్రాణమదియే. ఎర్బియమ్ అను లోహముచే పుట్టించు 2940 నానోమీటరుల కాంతిని నీరు ఆతురతతో త్రాగును. పింగాణిలో నీరు స్వల్పమే యైనను ఆ స్వల్పమే చాలును. మంగలములో వడ్లు వేయించునపుడు గింజలోని తడి ఒక్కసారిగ ఆవిరియై గింజ పేలి పేలాలగును గదా. అట్లే పంటిలోని సూక్ష్మమైన తడి ఆవిరియై, ఇసుమంత యిసుమంత ముక్కలను ఎగురగొట్టును. పని జరుగునపుడు టపటపమను శబ్దము కూడ వినబడును. పుచ్చినచోట తడి యెక్కువ గనుక పుచ్చు ముందు లేచిపోవును, గట్టిపన్ను కొంత నిలుచును. అమెరికా ప్రభుత్వపు ఔషధ పరిశీలన శాఖవారు 1997లో దీనిని పండ్లపై వాడుటకు అనుమతించిరి.

దీనివలని లాభము: గిఱ్ఱున తిరుగు సూది యదరు ఉండదు, నొప్పి తక్కువ, కొందఱికి మొద్దుబాఱు సూదిమందు కూడ అక్కఱలేదు. పిల్లలకును, భయస్తులకును ఇది మేలు. నష్టము: పని నెమ్మదిగ సాగును, వెల యెక్కువ. పాతకాలపు వెండి సిమెంటు నింపిన పన్నున్నచో ఆ సిమెంటుపై కిరణము ప్రయోగింపరాదు, అందు పాదరసమున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది వేడి. 1965లోనే కోతుల దంతములపై చేసిన యొక ప్రసిద్ధ పరీక్షలో, లోపలి గుజ్జు వేడి 5.5 డిగ్రీలు పెరిగినంతనే నూటికి 15 పండ్లలో గుజ్జు చచ్చిపోయినది.  కనుక కిరణముతోపాటు నీటితుంపర పడుచునే యుండవలయును. తుంపర లేకుండ పంటిని కోయుచున్నచో నోరు మూసికొనుడు. నేనిది పరిహాసమునకు చెప్పుట లేదు.

చిగుళ్ళను కోయవలసి వచ్చినపుడు లేసరు చాల అనుకూలము; వేడికి నాళములు మూసికొని నెత్తురు అంతగ కాఱదు. ఐతే చిగుళ్ళ జబ్బునకు మూలము పంటికి పట్టిన గార. గార గీకించుటయే అసలు చికిత్స. దానికి బదులుగా లేసరు పెట్టెదమను మాట ఒప్పుకొనదగదు.

పండ్లు తెల్లబఱచుటకు లేసరు వాడుదుమని బల్లలు కట్టుచున్నారు. అచట పనిచేయునది పంటిపై పూయు హైడ్రోజన్ పెరాక్సైడు మందు. వెలుగు చేర్చుటచే కలుగు అధికలాభము స్వల్పము. పంటికి జివ్వుమను బాధ మాత్రము కలుగవచ్చును. నల్లగొండ, ప్రకాశము ప్రాంతముల శ్రోతలకు ఈ మాట విశేషించి చెప్పవలయును. నీటిలో ఫ్లోరైడు హెచ్చుగనుండి పండ్లు గోధుమవన్నెకు తిరుగు జబ్బును నాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే పరిశోధకులు గుర్తించి వ్రాసిరి. ఆ గార గీకినను పోదు. పన్ను చిగురుదాటి రాకమునుపు, పింగాణి ఏర్పడునపుడే లోపల పడిన మచ్చ యది. ఏ కాంతియు ఫ్లోరైడును వెలికి తీయలేదు. పై మచ్చ కొంత తగ్గించుటకో, పన్నును కప్పుటకో వేఱు పద్ధతులు కలవు. ఆ సొమ్ముతో ఇంటి పిల్లలకు మంచినీరు ఏర్పాటు చేయుట మేలని నా యభిప్రాయము.

ఇప్పుడు నా మిత్రుని మాట. అతడు శ్రీకాకుళము వైపు వాడు. ఆ తీరగ్రామములలో చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని కాల్చు అలవాటు కలదు, అడ్డపొగ యందురు. ఆడువారిలో నింకను హెచ్చు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబాఱి, కొందఱికి పుట్టకురుపుగ మాఱునని వైద్యులు ఏండ్లతరబడి చెప్పుచున్నారు. నా మిత్రునికి అంగిట రూపాయ బిళ్ళంత తెల్లమచ్చ పుట్టినది. నొప్పి లేదు. ఒక పట్టణమున, పేరు చెప్పను, పళ్ళ డాక్టరు ఒకడు చూచి, "లేసరుతో పావుగంటలో కాల్చివేయుదును, నెత్తురు చుక్క రాదు" అనెనట. మావాడు సంతోషించి మంగళవారమునకు ఒప్పుకొని, సోమవారమునాడు నాకు ఫోను చేసెను.

నేను నా శిష్యుని అడిగితిని. అతడు ఒక్కటే ప్రశ్న వేసెను: "ముక్క పరీక్ష చేశారా?" లేదు. "అయితే కాల్చవద్దని చెప్పండి మాస్టారూ. కాల్చేస్తే ఆవిరైపోతుంది. అది ఏమిటో తెలుసుకోవడానికి ఇంకేమీ మిగలదు."

ఈ మాటను నేను మీ అందఱికి ఊరూర వచ్చి చెప్పలేను గనుక ఇచట చెప్పుచున్నాను. లేసరు మచ్చను తుడిచివేయును; దాని వేరును చూపదు. చర్మముపై పుట్టుమచ్చ యైనను అంతే. ఉన్నట్టుండి పెరుగుచున్నను, అంచులు వంకరలు తిరిగినను, రంగు మాఱినను, నెత్తురు చిమ్మినను, దానిని అందము కొఱకు కాల్పింపరాదు. నల్లని చర్మముగల వారికి ప్రమాదకరమైన మచ్చలు అరికాలున, అరచేత, గోటిక్రింద పుట్టుట హెచ్చు; మనమా చోటులను చూచుకొననే చూచుకొనము. గుట్కా నమిలి నోరు తెఱచుకొనక బిగిసిన వారికిని ఇదే మాట. ముందు ముక్క తీసి పరీక్షకు పంపవలయును. అది యేమో పేరు తెలిసిన పిదప కోయుటయో కాల్చుటయో వైద్యుడు నిశ్చయించును.

నా మిత్రుడు మంగళవారము పోలేదు. నాతో విశాఖపట్టణమున పెద్దాసుపత్రికి వచ్చెను. ముక్క తీసిరి. కణములు మాఱుచున్నవి గాని యింకను పుట్టకురుపు కాలేదని పది దినములకు తెలిసినది. తరువాత ఆ మచ్చను తీసినది కూడ లేసరుతోనే, కార్బన్ డయాక్సైడు లేసరుతో. ఐతే ఈసారి కొలత తెలిసి, లోతు తెలిసి, అంచులు తెలిసి తీసిరి. మరల రావచ్చునని ముందే చెప్పిరి. కనుక మూడు మాసముల కొకసారి పోయి నోరు చూపుకొని వచ్చుచున్నాడు. చుట్ట మానినాడు. పైపొర కాలి మానుటకు మూడు వారములు పట్టగా, ఆ మూడు వారములు చప్పిడి గంజితో గడపి, ఇన్నాళ్ళు ఎఱుగని కారము రుచి ఇప్పుడు తెలియుచున్నదని నాతో చెప్పుచుండును.

అతని యిల్లాలు మాత్రము అడ్డపొగ మానలేదు. ఆమె అంగిలి చూపింపుమని రెండుసారులు బ్రతిమాలితిమి. "నాకేమీ లేదు బాబూ, నొప్పి ఉంటే కదా" యని వాయిదా వేసినది. వచ్చు గురువారమునకు మరల ఒప్పించితిమి. బండి మాటలాడి యుంచితిని.